యంత్రభాష నేర్వగోరు సోదరీమణులకు: జావాస్క్రిప్టు వాచకములు, నిఘంటువులు

పెన్న యొడ్డుననున్న జమ్మలమడుగునందును, బంగారు వర్తకమునకు పేరొందిన ప్రొద్దుటూరునందును, చీనీతోటలకును అరటితోటలకును నెలవైన పులివెందులయందును, ఇంటరు ముగించిన ఆడుబిడ్డ యున్న యిండ్లలో నేడొక సంభాషణ తరచుగా వినవచ్చుచున్నది. "అమ్మా, నేను కంప్యూటరు కోర్సు నేర్చుకుంటా" నని బిడ్డ యనును. "ఎంత కట్టల్లంట? బెంగుళూరికి ఒక్కదాన్నే ఎట్ల పంపేది?" అని తల్లి యడుగును. తండ్రి లెక్క వేసి చూచి మౌనము వహించును. కొన్ని యిండ్లలో ఆ మాట యంతటితో నాగిపోవును. మరికొన్ని యిండ్లలో తల్లి చేతిగాజులు తాకట్టునకు పోవును.

ఈ రెండింటిలో నేదియు నవసరము కాదని తెలుపుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము. జావాస్క్రిప్టు అను యంత్రభాషకు సంబంధించిన యుత్తమ వాచకములును, యుత్తమ నిఘంటువును నేడు ఎల్లవారికిని ఉచితముగా లభించుచున్నవి. హైదరాబాదున అమీరుపేట వీధులలో వేలకొలది రూపాయలు చెల్లించి కూర్చున్నవారు వినునదియు ఆ విషయమునే. లోపించినది గ్రంథము కాదు. ఏ గ్రంథము నెప్పుడు తెరువవలెనో యెరుగుటయు, తెరచి కూర్చుండుటకు ఒక గంట కాలమును మాత్రమే.

ఇది యేమి భాష?

కంప్యూటరు తెరపై మనము చూచు ప్రతి పుటయును మూడు పనితనములచే నేర్పడుచున్నది. హెచ్.టి.ఎం.ఎల్. అనునది గోడలు, దూలములవంటిది. సి.ఎస్.ఎస్. అనునది సున్నము, రంగులు, గడపకు పూసిన పసుపువంటిది. జావాస్క్రిప్టు ఆ యింట మసలెడి మనిషివంటిది. మీట నొక్కగానే లెక్క కట్టుట, తప్పు వ్రాసినచో హెచ్చరించుట, రైలు టిక్కెట్టు పుటలో ఖాళీలు చూపుట మొదలైన చలనమంతయు నీ భాష పనియే.

1995వ సంవత్సరము మే నెలలో, అమెరికాలోని నెట్‌స్కేప్ కంపెనీయందు బ్రెండన్ ఐక్ అను నాయన పది దినములలో దీని తొలిరూపమును కల్పించెను. మొదట మోకా యనియు, పిదప లైవ్‌స్క్రిప్టు అనియు పిలిచి, ఆ సంవత్సరము డిసెంబరు నెలలో జావాస్క్రిప్టు అని పేరు మార్చిరి. ఆ కాలమున జావా అను వేరొక భాష ప్రసిద్ధికెక్కుచుండుటయే దీనికి కారణము. చీమకును చీమకుర్తికిని ఎంత చుట్టరికమో, జావాకును జావాస్క్రిప్టునకును అంతియే. కావున ఒకదాని పుస్తకము కొని మరియొకటి నేర్వజూచుట వ్యర్థము.

1997 జూన్ నెలలో ఎక్మా అను సంస్థ యీ భాషకు ప్రమాణ వ్యాకరణమును ప్రకటించెను. 2015లో ఆ వ్యాకరణము మిక్కిలిగా విస్తరింపబడెను. నాటినుండి ప్రతి సంవత్సరమును కొద్దికొద్దిగా సవరింపబడుచున్నది. ఈ 2015 అను నంకెను సోదరీమణులు గుర్తుంచుకొనవలెను. అంతకు ముందు వ్రాయబడిన పాఠములు నేడును పనిచేయునుగాని, నేటి రచనాపద్ధతిని చూపవు. పాతపుస్తకముల అంగడిలో చౌకగా దొరికినదని కొనుటకు ముందు, అది యే సంవత్సరమున అచ్చైనదో మొదటి పుటలలో చూచుట మంచిది.

పాలలెక్కతో పరిచయము

భాషాస్వరూపము తెలియవలెనన్న మన యింటి పాలలెక్కయే చాలును. లీటరు పాలధర కొక పేరు పెట్టుదుము. అట్లు పేరుపెట్టి విలువను దాచుటను వేరియబుల్ అందురు. నెలలో నేనాడెంత పాలు పోయించుకొంటిమో వరుసగా వ్రాసిన పట్టికను అర్రే అందురు. ఒకటవ తేదీనుండి కడపటి తేదీవరకు ఒక్కొక్క యంకెను తీసికొని మొత్తమునకు కలుపుకొనుచు పోవుటను లూప్ అందురు. "పాలవాడు రానినాడు కలుపవలదు" అను నియమమును ఇఫ్ అను మాటతో చెప్పుదురు. ఈ పనినంతటిని మూటగట్టి, "పట్టికను ధరను ఇత్తును, మొత్తము చెప్పుము" అని యెప్పుడు కావలసిన నప్పుడు పిలుచుటకు వీలుగా చేసినదానిని ఫంక్షన్ అందురు. ఈ యైదింటిని చక్కగా గ్రహించిన బాలిక భాషకు పునాది వేసికొన్నట్లే.

ఇందు మూడు చిక్కులు గలవు. మొదటిది: యంత్రము పట్టికలోని మొదటి స్థానమును ఒకటి యనక సున్న యనును. ఒకటవ తేదీ పాలు సున్నవ గదిలో నుండును. రెండవది: తెరపై గడిలో మనము వ్రాసిన యంకెను యంత్రము మొదట అక్షరముగనే తలచును. నిన్న 2 లీటర్లు, నేడు 1 లీటరు అని గడులలో వ్రాసి కలుపుమన్నచో, 3 అనక, రెంటిని ప్రక్కప్రక్కన చేర్చి 21 అనును! గడిలోని వ్రాతను ముందుగా సంఖ్యగా మార్చినచో నీ ప్రమాదము తప్పును. మూడవది: 0.1, 0.2 కలిపినచో 0.3 రావలసియుండగా, 0.30000000000000004 అని వచ్చును. యంత్రము దశాంశములను ద్విసంఖ్యామానమున దాచుటయే దీనికి కారణము. అందుచేత ఎరిగినవారు రూపాయలను పైసలుగను, లీటర్లను మిల్లీలీటర్లుగను మార్చి పూర్ణసంఖ్యలతో లెక్కింతురు. ప్రొద్దుటూరి బంగారపు అంగడిలో సవరకు ధరయు, తరుగును, మజూరియు లెక్కగట్టు పుటను వ్రాయువారి కీ జాగ్రత్త మిక్కిలి ముఖ్యము.

వాచకము వేరు, నిఘంటువు వేరు

1820లో మన కడపకు ఉద్యోగమునకై వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర పేరు మన జిల్లావారికి క్రొత్త కాదు. వేమన పద్యములను 1829లో ఆంగ్లానువాదముతో అచ్చు వేయించినవాడును, గొప్ప నిఘంటువును కూర్చినవాడును ఆయనయే. కడపలో ఆయన బంగళా యుండినచోట నేడు ఆయన పేరిట గ్రంథాలయము వెలసియున్నది. బ్రౌను నిఘంటువును మొదటి పుటనుండి కడపటి పుటవరకు చదివి తెలుగు నేర్చినవారు లేరు. అట్లని నిఘంటువు ప్రక్కన లేక ప్రబంధములు చదువగలవారును అరుదు. యంత్రభాషకును ఇదియే న్యాయము. క్రమముగా చదువదగినది వాచకము; సందేహము కలిగినపుడు తెరువదగినది నిఘంటువు. మొదటినాడే నిఘంటువు తెరచి, అర్థముకాక, "నాకీ విద్య రాదు" అని విడిచిన బాలిక లెందరో కలరు. ఆ లోపము వారిది కాదు. గ్రంథముల వరుస తెలియకపోవుటయే.

జావాస్క్రిప్టునకు నేడు సర్వసమ్మతమైన నిఘంటువు ఎం.డి.ఎన్. అనునది. మొజిల్లా సంస్థవారు దీనిని 2005లో ప్రారంభించిరి. ఇందలి ప్రతి పుటయు నొకే క్రమమున నుండును: ఈ పదము చేయు పని యేమి, దానిని వ్రాయు రీతి యెట్టిది, దానికి మన మీయవలసిన వేవి, అది మనకు తిరిగి యిచ్చునదేమి, ఉదాహరణము లేవి, ఏయే బ్రౌజరులలో పనిచేయును. వంటపుస్తకము చదువుట తెలిసిన గృహిణి కీ క్రమము సులభముగా బోధపడును. ఈయవలసినవి దినుసులు, తిరిగి వచ్చునది వంటకము. మొదటిమారు చదువునపుడు ఉదాహరణమును మాత్రము చూచి, దానిని తన చేతితో వ్రాసి చూచుకొనుట యుత్తమము.

నార్వే దేశమున 1998లో వెలసిన డబ్ల్యు త్రీ స్కూల్స్ అను మరియొక కోశము కలదు. ఇది చిన్నబాలశిక్షవంటిది. సులభముగా నుండును, శీఘ్రముగా జవాబు దొరకును, లోతు తక్కువ. త్వరపనికి దానిని, నిశ్చయమునకు ఎం.డి.ఎన్.ను చూచుట మంచిది.

ఏది ముందు, ఏది వెనుక?

వాచకములలో మొదట చేపట్టదగినది ఫ్రీ కోడ్ క్యాంప్ అను ధర్మసంస్థవారి పాఠక్రమము. 2014లో ప్రారంభమైన యీ సంస్థ పాఠమునుగాని, పరీక్షనుగాని, యోగ్యతాపత్రమునుగాని వెల గట్టదు. ఒక్కొక్క చిన్న పాఠము చదివిన వెంటనే అచ్చటనే వ్రాయవలెను. వ్రాసినది సరియైననే తరువాతి మెట్టు. గురువు ప్రక్కన కూర్చుండి దిద్దించినట్లుండును. దీనితో పునాది యేర్పడిన పిదప, "ఆధునిక జావాస్క్రిప్టు పాఠము" అని యర్థమిచ్చు పేరుతో ఇల్యా కాంటర్ వెలయించిన ఉచిత పాఠావళిని చదువవచ్చును. ఏ విషయ మెందుకట్లున్నదో యందు విపులముగా చెప్పబడియున్నది.

మూడవ మెట్టున మారైన్ హావర్బేకే రచించిన ఎలోక్వెంట్ జావాస్క్రిప్టు. దీని నాలుగవ కూర్పు 2024లో వెలువడెను. తెరపై చదువుకొనువారికి పూర్తిగా ఉచితము. ఇది కొంత కఠినము. పదునైన యభ్యాసములు గలది. తొందరపడక వారమున కొక యధ్యాయము చొప్పున చదువదగినది. డేవిడ్ ఫ్లానగన్ వ్రాసిన డెఫినిటివ్ గైడ్ అను బృహద్గ్రంథము 1996నుండి వచ్చుచున్నది. ఏడవ కూర్పు 2020 నాటిది. అది వెలగలది. ఉద్యోగమున ప్రవేశించినవారు కొనవచ్చును, నేర్చుకొనువారు కొననక్కరలేదు. డగ్లస్ క్రాక్‌ఫర్డ్ 2008లో ప్రకటించిన గుడ్ పార్ట్స్ అను చిన్నపుస్తకము మిక్కిలి ప్రసిద్ధము. కాని 2015కు ముందటిదగుటచే, నేడు దానిని చరిత్రగా చదువవలెనేగాని మొదటి వాచకముగా కాదు.

ఒకేసారి నాలుగు పుస్తకములు తెరచుటకంటె, ఒకదానిని ముగించుట మేలు. మొదటి నెల పాలలెక్కలో చెప్పిన యైదు విషయములు. రెండవ నెల తెరపై గడులు, మీటలు పనిచేయించుట. మూడవ నెల స్వంతముగా నొక చిన్న పని. చీటీపాట లెక్క, వడ్డీ లెక్క, బిడ్డల టీకాల తేదీలను గుర్తుచేయు పట్టిక మొదలైనవి మన యిండ్లకు పనికివచ్చునవి. తాను చేసినదానిని తల్లియో అత్తయో వాడుచుండగా చూచుటకంటె మించిన పరీక్ష లేదు.

పనిముట్లకు వెచ్చము లేదు. బ్రౌజరులో ఎఫ్ 12 అను మీట నొక్కినచో వ్రాసి చూచుకొను పలక తెరచుకొనును. వ్రాతకై మైక్రోసాఫ్టు వారి విజువల్ స్టూడియో కోడ్ ఉచితము. పాతదైనను ఒక కంప్యూటరు కావలెను. చేతి ఫోనున చదువవచ్చునుగాని, వ్రాయుట మిక్కిలి కష్టము.

ఇంగ్లీషు భయము

తెలుగు మాధ్యమమున చదివిన బాలికల ప్రధాన భయ మిదియే. నిజమారసినచో, ఈ భాషయందు యంత్రము తనకై ప్రత్యేకించుకొన్న పదములు ఏబదికి మించవు. మన మిచ్చు పేర్లు తెలుగు లిపిలోనే యుండవచ్చును. "ధర", "పాలు", "మొత్తము" అని తెలుగక్షరములతో వ్రాసినను యంత్రము నిరాకరింపదు. ఉద్యోగములయందు అందరితో కలిసి పనిచేయునపుడు ఇంగ్లీషు పేర్లు వాడుట యాచారము. కాని నేర్చుకొనునపుడు తెలుగు పేర్లతో ప్రారంభించినచో భయము సగము తీరును.

ఇక తప్పులను తెలుపు సందేశములు. వీనిలో మూడింటి యర్థ మెరిగినచో చాలవరకు గడచును. సింటాక్స్ ఎర్రర్ అన్నచో వ్యాకరణదోషము. ఎక్కడనో కుండలీకరణమో, కామాయో తప్పిపోయినది. రిఫరెన్స్ ఎర్రర్ అన్నచో నీవు చెప్పిన పేరు గలది యిచ్చట లేదనుట. తరచుగా అక్షరదోషమే కారణము. టైప్ ఎర్రర్ అన్నచో ఆ వస్తువుతో చేయరాని పని చేయబోతివనుట. జల్లెడతో నీరు తోడబోయినట్లు. సందేశము ప్రక్కన పంక్తిసంఖ్య యుండును. కంగారుపడక మొదట ఆ పంక్తిని చూడవలెను.

తెలుగక్షరముల విషయమున నొక వింత. "అమ్మ" అను మాటలో ఎన్ని యక్షరములని యడిగినచో జావాస్క్రిప్టు నాలుగనును. అ, మ, పొల్లు, మరల మ అని విడివిడిగా లెక్కించుటచే నట్లు చెప్పును. 1991లో ప్రకటింపబడిన యూనికోడు పద్ధతి ననుసరించి తెలుగు అట్లు దాచబడుచున్నది. తెలుగు వారికై పద్యముల ఆటలు, పేర్ల పట్టికలు చేయగోరువా రీ విషయము నెరిగియుండవలెను. ఇంగ్లీషువారి వాచకములలో నీ మాట సామాన్యముగా కానరాదు.

ఎం.డి.ఎన్. నిఘంటువునకు ఫ్రెంచి, జపాను, కొరియా మొదలైన భాషలలో అనువాదములు గలవు; తెలుగున లేదు. బొంబాయి ఐ.ఐ.టి. వారి స్పోకెన్ ట్యుటోరియల్ అను ప్రణాళికయందు సి, జావా మొదలైన భాషలకును, లినక్సునకును తెలుగు పలుకులతో ఉచిత పాఠములు గలవు. ప్రోగ్రామింగు అనిననేమో తెలియుట కవి మిక్కిలి తోడ్పడును. 2003లో ఐ.ఐ.టి.లు కలిసి స్థాపించిన ఎన్.పి.టి.ఇ.ఎల్. ఉపన్యాసములను ఉచితముగా వినవచ్చును. పరీక్షకు మాత్రము రుసుము గలదు. యూట్యూబున తెలుగులో జావాస్క్రిప్టు చెప్పువారు పెక్కురు గలరు. వారిలో నెన్నిక చేయుటకు రెండు గురుతులు చాలును: పాఠము 2015 తరువాతి పద్ధతిలో నున్నదా, చెప్పువారు మాటలతో సరిపెట్టక వ్రాసి నడిపించి చూపుచున్నారా అనునవి.

జవాబు చెప్పెడి యంత్రములు

2022 నవంబరున చాట్ జి.పి.టి. వచ్చినది మొదలు, తెలుగున అడిగినను జవాబు చెప్పు యంత్రము లనేకము వెలసినవి. తెలుగు బాలిక కివి గొప్ప యుపకారమే. "ఈ పంక్తికి అర్థమేమి?" అని అర్ధరాత్రి యడిగినను విసుగుకొనక చెప్పును. కాని యివి లేని పదములనుకూడ ఉన్నవానివలె ధైర్యముగా చెప్పుట కలదు. కావున జవాబులో క్రొత్తపదము కనబడగానే నిఘంటువులో చూచి నిశ్చయించుకొనవలెను. మరియు పనినంతటిని దానిచేతనే వ్రాయించుకొన్న బాలిక, పొరుగింటినుండి తెచ్చిన కూరను వడ్డించి తాను వండితినన్న దానివంటిది. ఉద్యోగ పరీక్షకుని యెదుట పొయ్యి వెలిగింపవలసి వచ్చినపుడు గుట్టు బయటపడును.

మన జిల్లాలోని విద్యాలయములు

ఇంటనే నేర్వవలెనని మేము నిర్బంధించుట లేదు. పులివెందులయందు 2006నుండి జె.ఎన్.టి.యు. అనంతపురము వారి ఇంజినీరింగు కళాశాల కలదు. ప్రొద్దుటూరునందు యోగి వేమన విశ్వవిద్యాలయము వారి ఇంజినీరింగు కళాశాల కలదు. వేంపల్లె చెంతనున్న ఇడుపులపాయలో 2008లో స్థాపింపబడిన ఆర్.జి.యు.కె.టి. పదవతరగతి మార్కులనుబట్టి గ్రామీణ విద్యార్థులను చేర్చుకొని, ఆరేండ్లు వసతితో చదువు చెప్పుచున్నది. కూలిపని చేయువారి బిడ్డలును, మగ్గపు నేతగాండ్ర బిడ్డలును అచ్చట కంప్యూటరు విద్య నభ్యసించుచున్నారు. పదవతరగతి చదువుచున్న ఆడుబిడ్డ గల తల్లు లీ మార్గమును ముందుగనే తెలిసికొనియుండవలెను.

కళాశాలలో చేరినను స్వయముగా చదువుట తప్పదు. కళాశాల పాఠ్యక్రమము సంవత్సరముల కొకసారి మారును. ఈ భాష యేటేట మారును. కళాశాలకు పోలేనివారికిని, పెండ్లియై బిడ్డలు గలవారికిని పైన చెప్పిన గ్రంథములే కళాశాల.

గృహమున చేయవలసినది

ఈ విద్య నేర్చిన ప్రతివారికిని ఉద్యోగము తప్పక వచ్చునని చెప్పుట యసత్యము. పోటీ మిక్కుటము. 2020 మహమ్మారి కాలమున పెక్కుమంది తమ యూళ్లనుండియే పనిచేసిరి, నేడును కొన్ని పనులు యింటనుండి చేయదగియున్నవి, అందరికిని కాదు. ఆశను ఎంత యుంచుకొనవలెనో యంతయే యుంచుకొనుట మేలు. "ముందుగా ఇంత కట్టుడు, ఉద్యోగము మేమిప్పింతుము" అనువారి మాట నమ్మి నగలు తాకట్టు పెట్టుట మాత్రము కూడదు. నిజముగా పని యిచ్చువారు పనివారిని డబ్బడుగరు. రుసుము చెల్లించి నేర్చుకొన నిశ్చయించినను, మొదట ఉచిత పాఠములతో రెండు నెలలు గడిపి, ఆసక్తి నిలిచినదో లేదో చూచుకొని, పిదప చెల్లించుట వివేకము.

డబ్బుకంటె కష్టమైన దానమొకటి కలదు. అది కాలము. మనయిండ్లలో కుమారుడు పుస్తకము పట్టిన "వాడు చదువుకొనుచున్నాడు, కదలింపకుడు" అందుము. కుమార్తె తెర ముందు కూర్చున్న "ఆ ఫోను ప్రక్కనబెట్టి ఉల్లిపాయలు తరుగు" మందుము. యంత్రభాషలో తప్పు వెదకుట, చిక్కుపడిన నూలు విప్పుటవంటిది. నడుమ పిలిచినచో కొస చేజారును. మరల మొదటినుండి వెదకవలెను. కావున దినమున కొక గంట, ఎవరును పిలువని గంట, ఆమె కీయవలెను. సాయంకాలము వీలుకానిచో తెల్లవారుజామున నీయవలెను. కోడలికిని ఈ న్యాయమే వర్తించును.

ఆ గంటలో మొదటి దినమున చేయవలసినది స్వల్పము. బ్రౌజరు తెరచి, ఎఫ్ 12 నొక్కి, తెరచుకొన్న పలకపై రెండంకెలు కూడి చూడవలెను. జవాబు వచ్చిన వెంటనే ఫ్రీ కోడ్ క్యాంప్ మొదటి పాఠము తెరువవలెను. మరునాడు రెండవ పాఠము. నెల తిరుగునప్పటికి ఇంటి పాలలెక్క తెరమీద సిద్ధమైనచో, విద్య యబ్బుచున్నదని తల్లిదండ్రులు నిశ్చయించుకొనవచ్చును.